తాడు వదిలే చోటు

అఫియేమి, అఫేసో, అఫేకా. వదులుతున్నాను, వదులుతాను, వదిలాను. ఇక్కడిదాకా తప్పు రాదు, ఆ తర్వాతే తడబాటు. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులో ఈ ఒక్క క్రియే అడుగుతానంది పూణే మేడమ్. ప్రాచీన గ్రీకులో ఇంత పేచీకోరు క్రియ మరొకటి లేదన్నదీ ఆవిడే. అన్ని రూపాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలట. శ్రీకాకుళం డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలతో పిల్లల ప్రాణం తోడేసే అనూరాధ మేడమ్, అంటే నేనే, ఇప్పుడు సముద్రం ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని పెదాలు కదుపుకుంటోంది. చూసేవాళ్ళు సూర్యుడికి దండం పెడుతోందనుకుంటారు, అరసవల్లిలో కాపురం కదా, అనుకోనీ. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వేట నిషేధం తీరింది కాబట్టి ఒడ్డంతా సందడి, డీజిల్ వాసన, కొత్త రంగుల వాసన, ఎవరో ఉప్పుచేప కాలుస్తున్న వాసన. పోటు ఇంకా నిండలేదు. నిండేదాకా నేనిక్కడ ఏం చేయాలో నాకు తెలియదు, అందుకే గ్రీకు.

పోటు నిండగానే మా తమ్ముడు బాబీ కొత్త బోటు నీళ్ళలోకి దిగుతుంది. మా పేటలో కొత్త బోటు మొదటిసారి దిగేటప్పుడు ఆ ఇంటి ఆడపడుచు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెనకతాడు పట్టుకోవాలి. బోటు మీద నిలబడి అన్నో తమ్ముడో, ఒగ్గుతావా, అంటే వదులుతావా, అని అడుగుతాడు. ఒగ్గినాను, ఎల్లి రా, అని ఆమె చెప్పాలి, చెప్పి తాడు వదలాలి. ఆ మాట లేకుండా నీళ్ళలో పడిన బోటుకి ఇల్లు గుర్తుండదంటారు. నేను తాడు పట్టుకుంటానన్నాను, మాట మాత్రం చెప్పనన్నాను. బాబీతో నేను మాట్లాడి మూడు వేట నిషేధాలు, అంటే మూడేళ్ళు, వచ్చి వెళ్ళాయి. ఈ సంగతి తెలిసే మరదలు ఈశ్వరి మొన్న అరసవల్లి వచ్చింది, ఆటో దిగి లోపలికి రాకుండా గుమ్మంలోనే కూర్చుంది. కాఫీ ఇస్తే తాగలేదు. బోటు చేయించి ఒడ్డున పెట్టుకుని మీ తమ్ముడు దాని పక్కనే కూకుంటన్నాడు, వేరే ఆడపిల్ల చేత తాడు పట్టించమని ఎవరెంత చెప్పినా వినడం లేదు, తోడబుట్టిన అప్ప ఉండగా ఇంకొకరి చేతికి తాడు ఇవ్వనన్నాడు, నువ్వు రాకపోతే ఈ ఏడు మేం వేటకి పోము, అంతే, అని చెప్పింది. బెదిరింపు కాదు, ఏడుపు కాదు, కూర ధర చెప్పినట్టు చెప్పింది. అదే నాకు కోపం తెప్పించింది, వస్తానని నా నోట అనిపించింది కూడా అదే.

నిఘంటువులో ఈ క్రియకి రెండు నిలువు వరసల అర్థాలున్నాయి. బాణం వదలడం, ఓడని సముద్రంలోకి వదలడం, గొంతెత్తి కేక వదలడం, బానిసని వదలడం, పెళ్ళాన్ని వదిలేయడం, రావలసిన బాకీ వదులుకోవడం, పోనీ అని ఒకరి మానాన వాళ్ళని వదిలేయడం, తప్పు క్షమించడం. మేడమ్ ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట చెబుతూ వెతుక్కుంటుంటే, ముంబై నుంచి క్లాసుకొచ్చే కుర్రాడు ఇన్ని అర్థాలు ఒక్క మాటకెలా వస్తాయని అడుగుతుంటే, నేను మైకు ఆపుకుని నవ్వుకున్నాను. మా అమ్మ గురమ్మకి ఇదంతా ఒకటే మాట. ఒగ్గీ. మేకని ఒగ్గీ, ఆ పిల్లాడిని ఒగ్గీ, పోన్లే ఒగ్గీ, జరిగిందేదో జరిగింది ఒగ్గీయే. హాస్టల్లో చేరిన కొత్తలో నా పెన్ను క్లాసులో ఒగ్గీసినాను అంటే గదంతా నవ్వింది. ఆ రాత్రి నుంచి నేను వదలడం, మరిచిపోవడం, క్షమించడం అనే మూడు మాటలూ విడివిడిగా నేర్చుకున్నాను, పుస్తకాల్లో రాసినట్టు మాట్లాడడం నేర్చుకున్నాను. ఇప్పుడు మళ్ళీ అవన్నీ ఒకటేనని చెప్పడానికి ఒక గ్రీకు క్రియ కావాల్సివచ్చింది. మా అమ్మకి చెబితే, దానికి డబ్బులు కూడా కట్టినావా, అని అడిగింది.

గ్రీకు ఎందుకు అంటే రేవుల మీద నా పరిశోధన. రామతీర్థం కొండమీద బౌద్ధుల ఇటుకలు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్ల అడిగింది, ఇక్కడి వాళ్ళు ఓడలెక్కి ఎక్కడికెళ్ళేవారు మేడమ్, అని. నాకు సమాధానం సగమే తెలుసు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఈజిప్టులో కూర్చుని ఒక గ్రీకు పండితుడు మన తీరాన్ని ఊరూరూ రాశాడు. అందులో ఒకచోట ఊరి పేరు లేదు. బంగారు దేశానికి పోయే ఓడలు తీరాన్ని వదిలే చోటు, అని మాత్రమే ఉంది. అఫెతేరియోన్. ఈ క్రియలోంచి పుట్టిన పేరే. అప్పటిదాకా ఒడ్డు కనిపిస్తూ ఒడ్డు పట్టుకుని వచ్చిన ఓడలు అక్కడ ఒడ్డుని వదిలి నడిసముద్రంలోకి తిరిగేవి. అదెక్కడో ఎవరికీ రూఢిగా తెలియదు, ఒడిశా వైపని కొందరు, మన వైపేనని కొందరు. నాకైతే మా అయ్య కూర్మయ్య చిన్నప్పుడు చూపించిన చోటే గుర్తొచ్చింది. నన్ను తెప్ప మీద కూర్చోబెట్టుకుని కొంత దూరం తీసుకెళ్ళి, ఇటు సూడు ఆకుపచ్చ, అటు సూడు నల్లన, ఇక్కడ గెడకర్ర అడుక్కి అందదు, ఇక్కడ్నించి మన భూమి కాదు గంగమ్మది, అని నీళ్ళని తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ రంగు మారే గీత ఈ ఒడ్డు నుంచి ఇప్పుడూ కనిపిస్తోంది.

ఆ గీత దాటాకే ఎక్కడో జరిగింది. పాత బోటులో అయ్య, బాబీ, జోగయ్య మావ, ఇంకొకతను. వల అడుగున రాతికి పట్టేసింది, గాలి తిరిగింది, వెనకభాగం కుంగి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, వలతాడుతోపాటు అయ్య నీళ్ళలోకి పోయాడు, బాబీ తాడు కోసేశాడు. నాకు తెలిసింది ఇంతే. ఇదీ బాబీ చెప్పింది కాదు, అయ్య శవాన్ని కిందిపేట ఒడ్డున దింపినప్పుడు నేను కాలేజీ నుంచి పరిగెత్తుకొస్తే చేపలబుట్టల దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నది. పెద్దకర్మ నాడు అందరూ భోజనాలకి కూర్చున్నాక నేను బాబీని పెరట్లోకి పిలిచి, ఎందుకు కోశావురా, అని అడిగాను. వాడు తల ఎత్తలేదు. కొయ్యకపోతే అందరం పోదుము అప్పా, అన్నాడు. ఒక్క వాక్యం, దానికి ముందూ లేదు వెనకా లేదు. లెక్క వేసుకున్నావన్నమాట, ముగ్గురు ఎక్కువ, ఒకడు తక్కువ, అన్నాను నేను. వాడు చేతులు పంచె మడతల్లో దాచుకుని నిలబడ్డాడు. ఇంకెప్పుడూ నన్ను అప్పా అని పిలవకు అని చెప్పి ఆటో ఎక్కాను. మా ఆయన మురళీమోహన్ శాంతమూర్తి, ఆయన కూడా అది ఎక్కువైంది అన్నాడు. ఎక్కువే. కానీ చింత చచ్చినా పులుపు చావదు అన్నట్టు, ఆ కోపం ఎక్కడికీ పోలేదు, పండక్కి వాడు చీర పంపితే ఆ కోపమే తిప్పి పంపింది, ఫోనులో వాడి పేరు కనిపిస్తే ఫోను బోర్లా తిప్పింది.

అఫియేమి. అపో అంటే దూరంగా, హియేమి అంటే పంపడం. దూరంగా పంపడం. వర్తమానంలో మాట మొదట్లో ఒక శబ్దం రెండుసార్లు వచ్చినట్టు ఉంటుంది, హి, హే, నత్తిలాగ, వదలాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు. జరిగిపోయినదానికొచ్చేసరికి ఆ నత్తి లేదు. అఫేకా, అంతే, అయిపోయింది. అఫెయికా అంటే వదిలేశాను, ఇప్పటికీ వదిలేసే ఉన్నాను అని. ఒకసారి చేసిన పని కాదు, ఆ తర్వాత రోజూ ఉండే స్థితి. అది చెప్పే ముందు నాలుక ఎప్పుడూ ఆగుతుంది. పోయిన వారం మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. ఏథెన్స్‌లో ఒక నియమం ఉండేదట. ఒకడి చేతిలో ఇంకొకడు చనిపోతూ, వీణ్ణి వదిలేశాను అని ప్రాణం ఉండగా ఒక్కమాట అంటే చాలు, ఆ తర్వాత కొడుకులకి గాని, అన్నదమ్ములకి గాని ఆ చేసినవాడిని నిలదీసే హక్కు ఉండదు. అదీ ఈ క్రియే. క్లాసు అయిపోయాక కూడా నేను తెర ముందే కూర్చున్నాను. మా అయ్య ఏమైనా అన్నాడా. నీళ్ళలోంచి. ఏదైనా ఒక మాట. అంటే నాకు హక్కు లేదు. అనకపోతే ఉంది. మూడేళ్ళుగా ఆ హక్కు మీదే కూర్చుని ఉన్నాను, కానీ అది నాదో కాదో కనుక్కోలేదు. అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం, ఏమీ అనలేదని చెబుతాడేమోనని ఇంకా భయం. చరిత్ర చెప్పేదాన్ని, ఎదుటివాడి వాంగ్మూలం తీసుకోకుండా తీర్పు చెప్పకూడదని పిల్లలకి చెబుతాను.

నీళ్ళు ఒక జానెడు పైకొచ్చాయి. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది, పసుపు రాసిన కొబ్బరికాయ చేతిలో ఉంది. ఆవిడ నన్నేమీ అనదనుకున్నాను, అంది. ఒసే, ఎన్నాలే ఈ పంతం, ఆడు నా కొడుకు, నువ్వు నా కూతురివి, పోయినోడు నా మొగుడు, నాకు లేని కోపం నీకేటే, అంది. నేను సముద్రం వైపు చూశాను. ఆవిడ కూడా చూసింది. అటు పక్క బాబీ బోటుకి పసుపూ కుంకుమా పెట్టిస్తున్నారు, ఈశ్వరి దండ కడుతోంది, జోగయ్య మావ తలపాగా బిగించుకుని అందరి మీదా అరుస్తున్నాడు. బాబీ సన్నబడ్డాడు. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది, నాకన్నా చిన్నవాడికి. చిన్నప్పుడు నేను బడికి పోతుంటే నా పలక వాడే మోసేవాడు, ఎందుకురా అంటే మా అప్ప సదువుకుంటాది, సేతులు నొప్పెడతాయి, అనేవాడు. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ఇది. దీనికి గ్రీకు లేదు.

రమ్మని పిలిచారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగాను, చల్లగా లేవు, కాళ్ళకింద ఇసుక జారిపోతూ ఉంది. బాబీ తాడు తెచ్చి ఇచ్చాడు. పిలవలేదు, కళ్ళెత్తలేదు, చేతులు మాత్రం చాపాడు, అరచేతులు పైకి. తాడు ఎడమ చేతిలో ఉంది. అది అందుకుంటుంటే ఆ చేతిని చూడకతప్పలేదు. బొటనవేలి కింద నుంచి చిటికెనవేలి మొదలుదాకా అడ్డంగా ఒక గీత, మెరుస్తూ, చర్మం కరిగి మళ్ళీ గట్టిపడినట్టు. వేటకి పోయేవాళ్ళ చేతులు అలాగే ఉంటాయిలే అనుకున్నాను. వాడు ఇంకో ముగ్గురితో కలిసి బోటెక్కి వెనకాల నిలబడ్డాడు. కింద నీళ్ళలో మనుషులు అటూ ఇటూ భుజాలు ఆనించారు. నా చేతులు ఖాళీగా ఉండలేక తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టాయి. మా అయ్య అలాగే చుట్టుకునేవాడు, తెప్ప మీద, ఒక చేత్తో నన్ను పట్టుకుని ఇంకో చేతికి తాడు చుట్టుకుని, ఇంక గంగమ్మొచ్చినా ఒగ్గను అనేవాడు. ఆ చుట్టడం మా ఇంటిది. అది నా చేతికి తెలుసు, నాకు తెలుసని నాకే తెలియదు.

జోగయ్య మావ గబగబా నీళ్ళలోకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "సుట్టకు తల్లీ. తాడు సేతికి ఎప్పుడూ సుట్టకూడదు. మీ అయ్య సుట్టీసినాడు, అందుకే కదా ఇప్పుకోనేక..." అని ఆగిపోయాడు. నాలిక కరుచుకున్నాడు. బోటు మీద నుంచి బాబీ ఆయన్ని చూసిన చూపు నేను చూశాను, కోపం కాదు, చెప్పొద్దు అని బతిమాలుకునే చూపు. మా పేటలో గంగమ్మ తీసుకున్నవాడి తప్పు ఎంచరు. సముద్రంలో పోయినవాడి పొరపాటు నోటితో అంటే వాడి ఆత్మకి ఒడ్డు దొరకదంటారు. అయ్య చేతికి చుట్టుకున్న తాడు విప్పుకోలేకే పోయాడని అందరికీ తెలుసన్నమాట, జోగయ్య మావకి, ఆ ఇంకొకతనికి, అమ్మకి, ఈశ్వరికి, బహుశా చేపలబుట్టల దగ్గర ఆడవాళ్ళకి కూడా. నాకొక్కదానికే తెలియదు, నేను ఈ పేట వదిలి చాలా ఏళ్ళయింది కదా. తప్పు తండ్రిదని చెబితే తండ్రికి ఒడ్డు దొరకదు, చెప్పకపోతే అప్ప తనని హంతకుడిలా చూస్తుంది. పెరట్లో నిలబడి వాడు ఎంచుకున్నది ఇది. ఆ ఒక్క వాక్యానికి వెనక ఏమీ లేదనుకున్నాను. ఇంత ఉంది. నాకు సిగ్గేసింది, నిజంగా, మెడదాకా. జోగయ్య మావ చుట్లు విప్పి తాడుని నా అరచేతిలో పెట్టి, ఇలా పట్టుకో, అని వేళ్ళు మూసి వెనక్కి వెళ్ళాడు.

బోటు కదిలింది. మనుషులు ఒక్క గొంతుతో తోస్తున్నారు, ముందుభాగం మొదటి కెరటం ఎక్కింది, ఇంజను దగ్గింది, పట్టుకుంది. బాబీ నావైపు తిరిగాడు. మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు.

"ఒగ్గుతావా అప్పా?"

అఫియేమి, అఫేసో. ఆ క్షణంలో అడగాలనుకున్నాను, అయ్య ఏమన్నాడురా, నీళ్ళలోంచి నిన్ను చూసి ఏమైనా అన్నాడా, అని. నోరు తెరిచాను. రెండో కెరటం బోటుని లేపింది, తాడు బిగిసింది, నేను వదల్లేదు, వదలకూడదని కాదు, ఇంకా ఏదో అడగాలని. తాడు నా చేతిలోంచి పరిగెత్తింది. నిప్పు. చర్మం మీద నిప్పు కర్ర లాగినట్టు. కాళ్ళు లేచిపోయాయి, నడుముదాకా నీళ్ళు, బోటు పక్కకి తిరగబోతోంది, తిరిగితే కెరటానికి అడ్డం పడుతుంది, అందులో నలుగురు ఉన్నారు. మంట. ఆ మంటలో తెలిసింది నాకు వాడి చేతి మీద గీత ఏమిటో. ఒగ్గేసినవాడి చేతికి ఈ గీత పడదు. వదలని చేతికే పడుతుంది. అయ్య ఉన్న ఆ తాడుని ఎముకదాకా కాలేంతసేపు పట్టుకుని, పడవ కుంగుతున్నా పట్టుకుని, ఆఖరికి రెండో చేత్తో కత్తి తీశాడు. ఇంత సన్నతాడు, ఇంత చిన్న కెరటం, ఒక్క క్షణం, దానికే నా చేయి ఇలా అయింది. అయ్య ఏమన్నాడో నాకు తెలియదు. తెలియకుండానే.

"ఒగ్గినాన్రా. ఎల్లి రా!"

చేయి తెరుచుకుంది. తాడు నీళ్ళమీద పాములా కొంచెంసేపు మెలికలు తిరిగి బోటు వెంట పోయింది. ముందుభాగం నిటారుగా లేచి, కెరటం అవతలికి దిగింది. ఒడ్డున అందరూ ఒక్కసారి గంగమ్మ తల్లికి జై కొట్టారు, అమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఈశ్వరి నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది. నేను బోటునే చూస్తున్నాను. బాబీ వెనక్కి వంగి నీళ్ళలోంచి తాడు లాక్కుంటున్నాడు, మూర తర్వాత మూర, లాగిన తాడు మోచేతి దగ్గర పోగవుతోంది. ఇన్నేళ్ళు కాలేజీ భాషలో దాచుకున్న గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఇంజను చప్పుడు మించి అరిచాను.

"తాడు సేతికి సుట్టకురా! బాబీ, సుట్టకు!"

వాడు విన్నాడు. లాగడం ఆపి, తాడుని కాళ్ళ దగ్గర పడేసి, ఎడమ చేయి పైకెత్తి వేళ్ళు విడదీసి నాకు చూపించాడు. ఏమీ చుట్టి లేదు. నేనూ కాలిన చేయి ఎత్తాను. బోటు ఆ నీళ్ళ రంగు మారే గీత దాటేదాకా ఇద్దరం దించలేదు.